"నేనే నీ స్థానంలో ఉంటేనా..."

ఎదుటివాళ్ల స్థానంలో నిలబడి ఆలోచించమని అందరూ చెబుతారు, నేనూ చాలామందికి చెప్పాను, కానీ ఈ మధ్య ఆ సలహా మీద నాకు నమ్మకం తగ్గింది. వాళ్ల స్థానంలోకి మనం ఖాళీ చేతులతో వెళ్లం కదా. మన భయాలు, మనింట్లో చూసినవి, మనకి తగిలిన దెబ్బలు అన్నీ వెంటేసుకుని వెళ్లి, "నాకైతే ఇంత బాధ అనిపించేది కాదే" అని తేల్చేస్తాం.

నాకు బాగా దగ్గరైన ఒక జంట ఉన్నారు. మాటా మాటా పెరిగితే అతను లేచి పక్క గదిలోకి వెళ్లి తలుపేసుకుంటాడు. అరుపులు, విసిరేసిన గిన్నెలు చూస్తూ పెరిగినవాడు, నోరు జారకముందే తప్పుకుంటే ఆమెకే మంచిదని అతని లెక్క. ఆమె పెరిగిన ఇంట్లో ఎవరూ గొంతు పెంచేవాళ్లు కాదు, కోపమొస్తే రోజుల తరబడి మాట్లాడటం మానేసేవాళ్లు. దాంతో అతను గడియ పెట్టిన చప్పుడు వింటేనే ఆమెకి చెమటలు పడతాయి. వెళ్లి తలుపు బాదుతుంది, అతనికేమో చిన్నప్పటి గొడవ మళ్లీ మొదలైనట్టుంటుంది. తమాషా ఏంటంటే, ఇద్దరూ ఒకరి స్థానంలో ఒకరు నిలబడే ఆలోచించారు. కోపంలో ఉన్న మనిషిని కాసేపు వదిలెయ్యాలని అతను, అస్సలు వదలకూడదని ఆమె!

టాల్ ఎయాల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ అనే ముగ్గురు పరిశోధకులు 2018లో ఇదే విషయం మీద 25 ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. అవతలివాళ్ల కోణంలోంచి ఆలోచించమన్నంత మాత్రాన వాళ్ల మనసులో ఏముందో జనం సరిగ్గా కనిపెట్టలేకపోయారు. ఉపయోగపడింది నేరుగా వాళ్లతో మాట్లాడి తెలుసుకోవడమే. పోనీ అదే కష్టం పడ్డవాళ్లకైనా బాగా అర్థమవుతుందా అంటే, అదీ గ్యారంటీ లేదు. ఒక కష్టాన్ని దాటినవాళ్లు, అదే కష్టం దగ్గర చతికిలపడ్డవాళ్ల మీద ఇంకా తక్కువ జాలి చూపారని 2015లో వచ్చిన మరో పరిశోధన చెప్పింది. "మేం పడలేదా ఏంటి?" అనే పెద్దవాళ్లు గుర్తొచ్చారు నాకు.

ఒకే తలుపు ఒకరికి ఊరట, ఇంకొకరికి టెన్షన్ అయినప్పుడు, ఆ టెన్షన్ మొత్తం తలుపేసినవాడి ఖాతాలో రాయడం కుదరదు. కొంత మనం వెంట తెచ్చుకున్నదే. దాన్ని నాది అని ఒప్పుకోవడం చెప్పినంత తేలిక కాదు, ఎందుకంటే మనం ఫీలింగ్ చెబుతున్నామనుకుంటూ నేరం మోపుతుంటాం. "నువ్వు నన్ను పట్టించుకోవట్లేదనిపిస్తోంది" అనేది ఫీలింగ్ కాదు, అవతలివాళ్ల మీద తీర్పు. మార్షల్ రోజెన్‌బర్గ్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఈ తేడా గురించి పదే పదే చెప్పేవాడు. ఆమె కూడా చాలాకాలం "నన్ను శిక్షిస్తున్నావు" అనే అనేది, అతను కాదని వాదించేవాడు, అక్కడితో మళ్లీ గొడవ. "తలుపేస్తే నాకు భయమేస్తోంది, నువ్వింక మాట్లాడవేమోనని" అని చెప్పిన రోజున అతనికి వాదించడానికేమీ దొరకలేదు. ఇప్పుడు లేచి వెళ్లేముందు "అరగంటలో వస్తా" అని చెప్పి వెళ్తున్నాడు. వస్తున్నాడు కూడా.

అయితే ఇదంతా విని "నీ ఫీలింగ్స్ నీవే, నాకేం సంబంధం" అని చేతులు దులుపుకునేవాళ్లు తయారవుతారు, వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నా భయం నాదని నేను ఒప్పుకుంటే నువ్వు చేసింది మాయమైపోదు. అబద్ధం చెప్పినవాడు, నలుగురిలో చులకన చేసినవాడు దానికి జవాబు చెప్పాల్సిందే, అవతలివాళ్లు ఏడ్చినా ఏడవకపోయినా.