రెండు గాలుల నడుమ కాంక్రీటు పని

అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో, ఓక్లహోమా సిటీ చుట్టుపక్కల వంతెనలకూ పెద్ద గిడ్డంగుల నేలలకూ కాంక్రీటు పోసే సైట్లలో నాణ్యత చూసే ఇంజనీరుగా నేను పనిచేస్తున్నాను. సిమెంటు, కంకర, ఇసుక ఎక్కడైనా ఒకటే. ఇక్కడికి వచ్చాక కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది గాలిని గురించే. ఇవాళ ఎన్ని డిగ్రీలు అని అడిగితే ఈ మైదానంలో సగం సమాధానమే దొరుకుతుంది. ఇప్పుడు మన మీద ఉన్న గాలి ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని తోసుకుంటూ వస్తున్న గాలి ఎక్కడిది, ఆ రెండింటి సరిహద్దు మన సైటును ఏ గంటకు దాటుతుంది అన్నవి తెలిస్తేనే పని నడుస్తుంది.

మన దేశానికి ఉత్తరాన హిమాలయాలు అడ్డుగా నిలిచి మధ్య ఆసియా చలిగాలిని ఆపుతాయి. ఉత్తర అమెరికాలో పెద్ద పర్వతశ్రేణులు ఉత్తర దక్షిణాలుగా సాగడం వల్ల, కెనడా నుంచి మెక్సికో సింధుశాఖ వరకు ఉన్న మైదానానికి అడ్డంగా నిలిచే గోడ ఏదీ లేదు. కెనడా మంచునేలల మీద రోజుల తరబడి నిలిచి చల్లబడి, ఎండిపోయిన వాయురాశి, అంటే ఒకే తీరు చలి, తేమ ఉన్న పెద్ద గాలిముద్ద, ఒకవైపు నుంచి, సింధుశాఖ వెచ్చని నీటి మీద తేమ నింపుకున్న వాయురాశి మరోవైపు నుంచి వచ్చి ఈ రాష్ట్రం మీద తలపడతాయి. 1911 నవంబరు 11న ఓక్లహోమా సిటీలో పగలు 28 డిగ్రీల సెల్సియస్ దాటిన ఉష్ణోగ్రత అదే రోజు అర్ధరాత్రికి మైనస్ 8కి పడిపోయింది. ఆ తేదీకి గరిష్ఠ, కనిష్ఠ రికార్డులు రెండూ నేటికీ ఆ ఒక్క రోజువే.

రెండు వాయురాశులు కలిసినంత మాత్రాన వెంటనే కలగలిసిపోవు. చల్లని గాలి బరువైనది కనుక చీలలాగా వెచ్చని గాలి కిందికి దూరి దాన్ని పైకి లేపుతుంది. ఈ సరిహద్దునే శీతల వాతాగ్రం అంటాము. సైటులో అందరూ కోల్డ్ ఫ్రంట్ అంటారు. దాని వాలు నిటారు గోడలా ఉండదు. సరిహద్దు నేలను తాకిన చోటు నుంచి వెనక్కి 50 నుంచి 100 కిలోమీటర్లు వెళితే గానీ చల్లని గాలి మందం ఒక కిలోమీటరు కాదు. ఆ మాత్రం వాలే వెచ్చని తేమగాలిని వేగంగా ఎత్తి, ఉరుములతో కూడిన వానను కురిపించడానికి చాలు. ఈ చిత్రాన్ని మొదట స్పష్టంగా గీసినవారు నార్వేలోని బెర్గెన్ శాస్త్రవేత్తలు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇతర దేశాల నుంచి వాతావరణ సమాచారం రావడం ఆగిపోగా, విల్హెల్మ్ బ్యెర్క్‌నెస్ బృందం తమ దేశంలోనే పరిశీలన కేంద్రాలను దగ్గర దగ్గరగా నెలకొల్పింది. అంత దట్టమైన కొలతల వల్లనే, తుఫాను లోపల గాలి ఒక్కసారిగా మారిపోయే గీతలు కంటికి కనిపించాయి.

మా బృందంలో కొత్తగా చేరిన ఒక తెలుగు అబ్బాయి నవంబరులో, "అన్నా, ఇరవై నాలుగు డిగ్రీలు ఉంది, ఆకాశం బాగానే ఉంది, మధ్యాహ్నం పోత ఎందుకు ఆపించారు?" అని అడిగాడు. అది అడగవలసిన ప్రశ్నే, ఎందుకంటే చలి ఒక్కటే కారణమనుకుంటే జవాబు దొరకదు. తాజా కాంక్రీటు సుమారు 3.5 మెగాపాస్కల్ బలం తెచ్చుకోకముందే చలికి గడ్డకడితే, అందులోని నీరు మంచుగా మారి తొమ్మిది శాతం వరకు ఉబ్బి, ఇంకా అతుక్కోని సిమెంటు కట్టును లోపలే చెడగొడుతుంది. ఆ బలం రావడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు కనుక, పోసే గంట ఎంత వెచ్చగా ఉన్నా ఆ రాత్రి ఎలా ఉంటుందన్నదే ముఖ్యం. దీనికంటే తొందరగా వచ్చే నష్టం మరొకటి ఉంది, పైభాగం త్వరగా ఆరి పగలడం. ఫ్రంట్ రాకముందు దక్షిణపు తేమగాలిలో, తాజాగా పోసిన కాంక్రీటు నేల నుంచి ఒక గంటలో చదరపు మీటరుకు మూడో వంతు కిలో నీరు ఆవిరవుతుందనుకుందాం. ఫ్రంట్ దాటాక గాలి 5 డిగ్రీలకు పడి, తేమ సగానికి తగ్గి, గంటకు 30 కిలోమీటర్ల ఉత్తరపు గాలి వీస్తుండగా, లారీ నుంచి 20 డిగ్రీల వెచ్చదనంతో దిగిన కాంక్రీటు నుంచి ఒక కిలోకు పైగా నీరు పోతుంది. చల్లబడింది కాబట్టి ఆరదని చాలామంది అనుకుంటారు. నిజానికి వెచ్చని తడి ఉపరితలం మీద పొడిగాలి వీచినప్పుడే పగుళ్లు పడతాయి.

అందుకే నేను ఉష్ణోగ్రత కంటే ముందు డ్యూ పాయింట్‌నూ (గాలిలోని తేమ మంచుబిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) గాలి దిశనూ చూస్తాను. ఎండ ఎక్కితే ఉష్ణోగ్రత మారుతుంది, కానీ డ్యూ పాయింట్ గాలి పుట్టుకను చెబుతుంది. ఈ రాష్ట్రంలో ఆ కొలతలకు లోటు లేదు. ఇక్కడి రెండు పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు కలిసి 1994 నుంచి నడుపుతున్న మెసోనెట్ అనే వాతావరణ పరిశీలన వ్యవస్థకు రాష్ట్రంలోని 77 కౌంటీలలోనూ (జిల్లాల వంటివి) కేంద్రాలున్నాయి, అయిదు నిమిషాలకోసారి కొలతలు వస్తాయి. మాకు ఉత్తరాన, కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో గాలి ఉత్తరానికి తిరిగి, వాయుపీడనం పెరగడం మొదలైతే, గంటకు 45, 50 కిలోమీటర్ల చొప్పున వచ్చే ఫ్రంట్ మా సైటుకు అయిదారు గంటల దూరంలో ఉన్నట్టు. మాకు ఇంకా దగ్గరగా ఉన్న ఎనిడ్ పట్టణంలో అదే మార్పు కనిపిస్తే దాదాపు రెండు గంటలే మిగిలాయి. ఒక కొత్త దేశంలో నాకు పరాయితనం తగ్గించిన వాటిలో ఈ కొలతలను నమ్మి పనిచేయగలగడం ఒకటి.

వెచ్చని గాలి చల్లని గాలి మీదికి వచ్చే సరిహద్దు, అంటే ఉష్ణ వాతాగ్రం, ఇంత హడావుడిగా రాదు. వెచ్చని గాలి చల్లని గాలి మీదుగా చాలా తక్కువ వాలుతో ఎక్కుతుంది కనుక, రోజంతా మబ్బు, సన్నని జల్లు పడతాయి. అయితే కింద మిగిలిన పలుచని చలిపొర సున్నా డిగ్రీలకు తక్కువగా ఉంటే, పై నుంచి వానగా పడిన నీరు తాకినచోటల్లా మంచుపెంకుగా మారుతుంది. 2020 అక్టోబరు చివరి వారంలో ఇంకా ఆకులు రాలని చెట్లన్నీ ఆ బరువుకు విరిగి, నగరంలో లక్షల మందికి కరెంటు పోయింది. అలాంటి రోజున కట్టిన ఇనుప చువ్వల మీది మంచును పూర్తిగా తొలగించనిదే ఒక్క బండి కాంక్రీటు కూడా పోయనివ్వము.

వసంతంలో వచ్చే సరిహద్దు వేరు. పడమటి ఎత్తు భూముల నుంచి వచ్చే పొడిగాలికీ సింధుశాఖ తేమగాలికీ మధ్య ఏర్పడే డ్రైలైన్ దగ్గర ఉష్ణోగ్రతలో కంటే తేమలోనే పెద్ద తేడా ఉంటుంది. 2013 మే 20న మా పక్కనే ఉన్న మూర్ పట్టణంలో 24 మందిని బలిగొన్న టోర్నడో అలాంటి గీత దగ్గర లేచిన తుఫానులోనిదే. దీన్ని అర్థం చేసుకోవడానికి నాకు మా ఖమ్మం వైపు ఏప్రిల్, మే నెలల సాయంత్రాలే సాయపడ్డాయి. వాయవ్యం నుంచి వచ్చే పొడిగాలి, బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి కలిసేచోట గాలివాన లేచి మామిడికాయలు రాలతాయి. మన వాతావరణ కేంద్రం బులెటిన్లలో కనిపించే "గాలి విచ్ఛిన్నతి" అదే. మన దగ్గర తేడాలు ఇంత తీవ్రంగా ఉండవు, చలిగాలి చీల అసలే ఉండదు. అయినా ఆ రెండు గాలుల సంగతి నాకు చిన్నప్పటి నుంచి పరిచయమే.

పోత ఆపించడం తేలికైన నిర్ణయం కాదు. పోసిన కాంక్రీటును నునుపు చేసే ఫినిషింగ్ పనివారిలో ఎక్కువమంది మెక్సికో నుంచి వచ్చినవారు, గంటల లెక్కన కూలి తీసుకునేవారు. పని లేని రోజున వారికి డబ్బు రాదు. నాలాగే ఇల్లు వదిలి వచ్చినవారి కూలిని ఒక అంచనా మీద ఆపుతున్నానన్న బరువు నాకు ప్రతిసారీ ఉంటుంది. అందువల్ల ముందురోజే విచిటా, ఎనిడ్ కొలతలు చూసి, వీలైతే పోతను రద్దు చేయకుండా తెల్లవారుజామున నాలుగింటికి జరపమని సూపరింటెండెంటును అడుగుతాను. ఆ నవంబరు పోత మర్నాటికి కాక మూడో రోజుకు పడింది, దక్షిణపు గాలి మళ్లీ తిరిగి వచ్చాక. ఇప్పుడు ఆ తెలుగు అబ్బాయే ఉదయం కొలతలు చూసి, కాంక్రీటు మీద కప్పే దుప్పట్లు ఎన్ని కావాలో, ఏ గంటకు మొదలుపెట్టాలో ముందుగా చెబుతున్నాడు.