బార్‌లో కత్తిపోట్లు, లైసెన్స్ మీద అర్జీ: నా అనుభవం

పోలీసు కేసు అయింది కదా, బార్ ఇక తెరవరనే అనుకున్నాం. హన్మకొండలో మా కాలనీ మలుపు మీదున్న ఆ బార్‌లో ఒకతన్ని కత్తితో పొడిచి మూడు రోజులు కాలేదు, సాయంత్రానికి షట్టర్ లేచింది, బోర్డు లైట్లు వెలిగాయి. లైసెన్స్ మీద చర్య కోరుతూ కాలనీ తరఫున అర్జీ రాసి, దాని వెంట తిరిగింది నేను. ఇట్లాంటి పని నెత్తిన పడ్డవాళ్లకు అక్కరకొస్తుందని ఆ క్రమం రాస్తున్నా.

క్రిమినల్ కేసు వేరు, లైసెన్స్ వేరు. పొడిచినవాళ్ల మీద భారతీయ న్యాయ సంహిత 109 కింద హత్యాయత్నం, 118 కింద ప్రమాదకర ఆయుధంతో గాయపరచడం పెడతారు. ఆ కేసులో బార్ యజమాని చాలాసార్లు సాక్షి మాత్రమే. ఆయన చేతిలోని 2బి లైసెన్స్ (బార్ నడిపేందుకు ఇచ్చేది) 1968 ఎక్సైజ్ చట్టం కిందిది. దాన్ని సస్పెండ్ చేయాలన్నా, రద్దు చేయాలన్నా సెక్షన్ 31 చూస్తారు. అందులో మనకు పనికొచ్చేది షరతుల ఉల్లంఘన: లైసెన్స్‌దారు గానీ, ఆయన పనివాళ్లు గానీ ఏ షరతు తప్పారు? మా మొదటి చిత్తు ప్రతిలో రెండు పేజీల నిండా గొడవ వర్ణనే. అది చదివిన వకీలు సారు "ఇందులో బార్ చేసిన తప్పేది?" అని అడిగారు. మొత్తం తిరగరాశాం.

అన్నిటికన్నా ముందు పరుగెత్తాల్సింది కెమెరా రికార్డు కోసం. కెమెరా రికార్డు దాచే పెట్టె (డీవీఆర్) నిండగానే పాతదాని మీద కొత్తది ఎక్కుతుంది. హార్డ్ డిస్క్ చిన్నదైతే పది, పదిహేను రోజులకే పోతుంది. 2013 నాటి పబ్లిక్ సేఫ్టీ చట్టం ప్రకారం ఒకేసారి 100 మంది గానీ, రోజుకు 500 మంది గానీ చేరే చోట కెమెరాలు పెట్టి, రికార్డు 30 రోజులు దాచాలి. ఆ చట్టాన్ని ప్రస్తావిస్తూ పోలీస్ స్టేషన్‌కు, జిల్లా ఎక్సైజ్ అధికారికి, బార్ మేనేజర్‌కు ఒకే రోజు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరాలు పంపాలి. "ఫుటేజీ భద్రపరచండి" అని ఊరికే రాస్తే చాలదు. తేదీ, ఏ గంట నుంచి ఏ గంట దాకా, ఏ కెమెరాలు (మెట్లు, హాలు, కౌంటర్, పార్కింగ్, వెనుక గేటు) అన్నీ రాయాలి. ఎదురు షాపు కెమెరా గురించి కూడా అడగాలి. మాకు అక్కరకొచ్చింది అదే.

ఫోన్‌లో తీసిన వీడియోలు ఉంటే తీసిన ఫోన్‌లోనే అట్లాగే ఉంచమనండి. వాట్సాప్‌లో నాలుగు గ్రూపులు తిరిగితే ఫైల్ కుదించుకుపోతుంది, తీసిన సమయం వివరాలు పోతాయి. కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఫైల్ హాష్ విలువ (ఫైల్ మారలేదని చూపే కోడ్) రాయాలి. ఒక భాగం ఇచ్చేవాళ్లు నింపాలి, రెండోది నిపుణుడు నింపాలి.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. ఇక్కడ తప్పు మాదే. "ఇన్ని గొడవలైనా ఎందుకు చర్య తీసుకోలేదు?" అని అడిగాం. "ఎందుకు" అనేది సమాచారం కిందికి రాదని దరఖాస్తు తిరిగొచ్చింది. నెల రోజులు అట్లా పోయాయి. రెండోసారి ప్రతులు మాత్రమే అడిగాం: లైసెన్స్ కాపీ షరతులతో సహా, ఆమోదించిన ప్లాన్, గత 3 ఏళ్లలో ఆ బార్ మీద నమోదైన ఎక్సైజ్ కేసులు, వాటిలో కట్టిన కాంపౌండింగ్ ఫీజులు (కేసు నడపకుండా ముగించుకోవడానికి కట్టే డబ్బు). జిల్లా ఆఫీసుకు ఫీజు 10 రూపాయలు, పేజీకి 2 రూపాయలు. దర్యాప్తు నడుస్తోందని సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(హెచ్) చూపి నిరాకరిస్తే, లైసెన్స్ కాపీకి, ముగిసిపోయిన పాత కేసులకు ఈ దర్యాప్తుతో సంబంధం లేదని 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయొచ్చు. ఆ కాగితాలు వచ్చేదాకా అర్జీ ఆపొద్దు. ముందు అర్జీ ఇచ్చి, వచ్చినకొద్దీ అదనపు పత్రాలుగా జతచేయాలి.

మా అర్జీని నిలబెట్టింది ఆ ప్లాన్ కాగితమే. అందులో మద్యం అమ్మే జాగా నాలుగు హద్దులతో గీసి ఉంటుంది. మొదటి అంతస్తు హాలుకే అనుమతి. గొడవ మొదలైంది మాత్రం వెనుక ఖాళీ జాగాలో, రేకుల షెడ్డు కింద వేసిన బల్లల దగ్గర. హద్దు దాటి మందు పోయడం సూటిగా షరతు ఉల్లంఘన. దానికి కత్తి ఎవరిది, ముందు ఎవరు తిట్టారు అనే వాదనతో పనే లేదు. రెండోది బిల్లు సమయం. మూసే వేళ దాటాక కొట్టిన బిల్లు ఒక్కటి దొరికినా అర్జీకి బలం. మూడోది 21 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మడం. నిందితుల్లో అట్లాంటివాళ్లుంటే ఎఫ్‌ఐఆర్‌లో వయసు చూడండి. ఫిర్యాదుదారుకు ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి.

అర్జీ రెండు పేజీలు దాటొద్దు. ఒక్కో ఉల్లంఘన, దాని కింద ఆధారం నంబర్. రోడ్డు మీద బండ్లు, సౌండ్, గోడ పక్కన మూత్రం అన్నీ ఇందులో కలిపితే అసలు సంగతి పలుచనవుతుంది. వాటికి మున్సిపల్ అర్జీ విడిగా పెట్టుకోవచ్చు. సంతకాల దగ్గరా మేం దెబ్బతిన్నాం. తెల్ల కాగితాల మీద సంతకాలు తీసి వెనుక కుట్టాం. ఏం చదివి సంతకం పెట్టారో వీళ్లకే తెల్వదని బార్ తరఫు వకీలు అన్నారు. ప్రతి సంతకాల పేజీ పైన అర్జీ సారాంశం, పక్కన పేరు, ఇంటి నంబర్, తేదీ ఉండాలి. కళ్లారా చూసినవాళ్ల పేర్లు మాత్రం అర్జీలో రాయకండి. వాళ్లు పోలీసులకు వాంగ్మూలం ఇస్తే చాలు. బెదిరింపులు వస్తే 2018 సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు.

సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు ఒకటి, జిల్లా ఎక్సైజ్ అధికారికి ఒకటి, పోలీస్ కమిషనర్‌కు ఒకటి ఇచ్చి రసీదు నంబర్లు తీసుకున్నాం. వందమంది సంతకాలకన్నా పోలీసులు ఎక్సైజ్‌కు రాసే ఒక్క లేఖకు బరువెక్కువ. అందుకే ఆ బార్ చిరునామాకు ఏడాదిలో డయల్ 100 కాల్స్ ఎన్ని వచ్చాయో సమాచార హక్కు కింద అడిగి, ఆ లెక్క జతచేసి, లైసెన్స్ మీద చర్యకు రాయమని కమిషనర్‌ను కోరాం.

ఈ లోపు పెద్దమనుషులు దిగుతారు. "దవాఖాన ఖర్చు ఇప్పిస్తం, కేసు తీసుకోండి" అంటారు. హత్యాయత్నం కేసు చట్టప్రకారం రాజీ చేసుకునేది కాదు. డబ్బు ఎవరు తీసుకున్నా, తీసుకోకున్నా లైసెన్స్ అర్జీకి దాంతో సంబంధం లేదు. గాయపడ్డ మనిషి ఇంట్లో ఆ మాట మొదటి వారంలోనే చెప్పి ఉండండి.

షోకాజ్ నోటీసు (చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమనేది) ఇవ్వకుండా, వివరణ తీసుకోకుండా లైసెన్స్ రద్దు చేయడం కుదరదు. మనకు అది ఆలస్యంలాగే అనిపిస్తుంది. కానీ నోటీసు లేకుండా వేడిమీద ఇచ్చిన ఆర్డర్ హైకోర్టులో నిలబడడం కష్టం. మనం చూసుకోవాల్సింది ఇంకోటి: ఫిర్యాదు చేసినవాళ్లు ఆ విచారణలో దానంతటదే కక్షిదారులు కారు. "యజమాని ఇచ్చిన వివరణ కాపీ ఇప్పించండి, మా మాట వినండి" అని అర్జీ చివరి పేరాలోనే అడగాలి. లేకపోతే సెక్షన్ 47 కింద కాంపౌండింగ్ ఫీజు కట్టి బార్ నడుస్తూ ఉంటుంది, మనకు కబురే ఉండదు. ఎంతకూ కదలిక లేకపోతే, అర్జీని గడువులోగా పరిష్కరించమని హైకోర్టులో రిట్ వేయడం మిగిలిన దారి.

ఇంగ్లండ్‌లో 2003 లైసెన్సింగ్ చట్టంలో దీనికి నేరుగా తలుపుంది. ఆ చోటికి తీవ్రమైన నేరంతో సంబంధం ఉందని సీనియర్ పోలీసు అధికారి ధ్రువీకరించి దరఖాస్తు పెడితే 48 గంటల్లో తాత్కాలిక చర్యలు పరిశీలించాలి, 28 రోజుల్లో పూర్తి సమీక్ష జరగాలి. మామూలు సమీక్షనైతే ఎవరైనా కోరవచ్చు. మనకూ అట్లాంటి గడువు చట్టంలో ఉండాలని నా గట్టి నమ్మకం.

రద్దుతో పాటు, అది కుదరకపోతే ఏం కావాలో కూడా రాసి పెట్టుకోవాలి. మేం అడిగినవి: షెడ్డు తీసేయడం, వెనుక గేటు మూసేయడం, పార్కింగ్‌లో లైట్లు, ద్వారం దగ్గర తనిఖీ, 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్స్ ఉన్న ఏజెన్సీ గార్డులు. మా దగ్గర రద్దు కాలేదు. కొన్నాళ్లు సస్పెన్షన్, ఆపైన ఫీజు; షెడ్డు పోయింది, వెనుక గేటుకు ఇటుక గోడ లేచింది. ఆ ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ తీసుకున్నాం. రెన్యువల్‌కు ముందు ఇవ్వాల్సిన అభ్యంతరానికి అదే మొదటి పేజీ.