సెట్టింగ్ పుస్తకాన్ని దేంతో తూచాలి?

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆటల్లో నలుగురు కూర్చుని, తలా ఒక పాత్రగా, పాచికలతో కథ నడుపుతారు. ఆ కథ జరిగే కల్పిత లోకాన్ని వర్ణించేదే ఫాంటసీ క్యాంపెయిన్ సెట్టింగ్ పుస్తకం. అది చేతికి రాగానే చాలామంది పేజీలు లెక్కపెడతారు, తర్వాత బొమ్మలు చూస్తారు. ఆ రెండూ పక్కన పెట్టి, ఊళ్ల గురించి రాసిన అధ్యాయంలో ఏదో ఒక పేజీ తెరవండి. ఈ ఊళ్లో పెత్తనం ఎవరిది, అది ఎవరికి గిట్టడం లేదు, ఈ వారంలో ఏం జరగబోతోంది, బయటినుంచి వచ్చిన నలుగురికి, అంటే ఆటగాళ్ల పాత్రలకు, ఇక్కడ పనేంటి? ఈ నాలుగూ ఆ పేజీలోనే దొరికితే ఆదివారం కూర్చునే ఆట (సెషన్) నడిచిపోతుంది. జనాభా ఎంతో, ఏ నది ఒడ్డున ఉందో, ఏ సరుకుకు పేరుందో చెప్పి ఆగిపోతే ఆట నడిపే డీఎం (డంజియన్ మాస్టర్) మళ్లీ మొదటినుంచీ రాసుకోవాల్సిందే.

పండగల దగ్గర ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. "కోతలయ్యాక జనం సంబరాలు చేసుకుంటారు" అన్న వాక్యంతో ఎవరూ ఏమీ ఆడలేరు. మన తిరుపతి గంగజాతర కథ చూడండి. ఆడవాళ్లను వేధించే పాళెగాడు గంగమ్మకు భయపడి దాక్కున్నాడు. వాణ్ణి బయటికి రప్పించడానికి అమ్మ బైరాగిగా, బండగా, తోటిగా రోజుకో వేషం కట్టింది. చివరికి దొర వేషంలో వస్తే నిజంగా దొరే వచ్చాడనుకుని బయటపడ్డాడు, తల తెగింది. ఇందులో దాక్కున్న దుర్మార్గుడున్నాడు, రోజుల లెక్కుంది, వాణ్ణి పట్టే ఉపాయముంది. పైగా ఊళ్లో సగం మంది వేషాల్లో తిరిగే వారం అది, ఎవరు ఎవరో పోల్చుకోలేరు. పండగ గురించి రాస్తే ఇలా రాయాలి. అరపేజీ చాలు.

తర్వాత మ్యాపు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్‌లో మామూలు నడకకు రోజుకు 24 మైళ్లు, అంటే దాదాపు 39 కిలోమీటర్లు. పొద్దున తిరుపతిలో బయల్దేరితే చీకటి పడేసరికి శ్రీకాళహస్తి, చిత్తూరుకైతే రెండు రోజులు. ఇప్పుడు పుస్తకంలో ఉన్న మ్యాపు స్కేలు చూడండి. షట్కోణపు గడి ఒక్కోటి 60 మైళ్లుంటే తిరుపతి, చంద్రగిరి, శ్రీకాళహస్తి మూడూ ఒకే గడిలో పడిపోతాయి. కొత్త గ్రూపు మొదటి రెండు నెలలు తిరిగే నేలంతా అంతే. ఖండం మ్యాపు మాత్రమే ఇచ్చిన పుస్తకంతో వచ్చే చిక్కిదే. గోడకు అంటించుకోవడానికి బావుంటుంది, ఆటకు అందదు. గడికి 6 మైళ్ల చొప్పున అడ్డంగా పదిగళ్ల మ్యాపు మీరే గీసుకోవాలి. రోజుకు నాలుగు గళ్ల నడక. కొండలూ అడవీ ఉన్నచోట రెండే. అలిపిరి మెట్లెక్కినవాళ్లకు తొమ్మిది కిలోమీటర్లంటే ఏమిటో చెప్పక్కర్లేదు.

దేవుళ్ల పట్టికలకు నేను పెద్ద విలువ ఇవ్వను. వేల ఏళ్ల చరిత్రకూ అంతే. చరిత్ర ఆడేవాళ్ల పాత్రల జ్ఞాపకంలో ఉండాలి. ఈ విషయంలో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ లోకాల్లో ఒకటైన ఎబెరాన్ నాకు చాలా ఇష్టం. ఆ లోకపు లెక్కలో 994లో సైర్ అనే దేశం ఒక్క రోజులో నాశనమైంది, దేశాల మధ్య సాగుతున్న యుద్ధం 996లో ఆగింది, ఆట మొదలయ్యేది 998లో. అంటే ప్రతి పాత్రకూ యుద్ధంలో ఒక పక్షం ఉంటుంది, పోగొట్టుకున్న మనిషి ఉంటాడు. సైర్ ఎందుకు నాశనమైందో పుస్తకం చెప్పదు. అది లోపమని కొందరంటారు. నేను ఒప్పుకోను. జవాబు అచ్చయి ఉంటే ఆటగాళ్లు ముందే చదివేస్తారు, డీఎం చేతిలో దాచడానికేమీ మిగలదు.

2019లో వచ్చిన ఎబెరాన్ పుస్తకం 320 పేజీలు. అందులో బరువున్న భాగం షార్న్ నగరం. ఆకాశాన్నంటే గోపురాలు, పై అంతస్తుల్లో ధనికులు, కింద పేదలు, అంతకంటే కింద కొలుములు. ఇక్కడ కొత్త డీఎంలు మర్చిపోయేది పడిపోవడం. ప్రతి 10 అడుగులకూ ఒక ఆరు ముఖాల పాచిక వేసినంత దెబ్బ, 200 అడుగులు దాటితే 20 పాచికలు, సగటున 70. మొదటి లెవెల్, అంటే అప్పుడే ఆట మొదలుపెట్టిన పాత్రకు ప్రాణం (తట్టుకోగల దెబ్బల లెక్క) పదికి అటూ ఇటూ. వంతెన మీద పోరాటం పెట్టి ఎవరినో తోశారంటే ఆ పాత్ర అక్కడితో సరి. ఈక బొమ్మ చెక్కిన చిన్న లోహపు బిళ్ల ఒకటుంది. ఒంటిమీదుంటే మనిషి రౌండుకు, అంటే ఆటలో ఆరు సెకన్లకు, 60 అడుగుల చొప్పున మెల్లగా దిగుతాడు, దెబ్బ తగలదు. ఒక్కసారికే పనిచేస్తుంది. మొదటి సెషన్‌లోనే తలా ఒకటి ఇప్పించండి.

గ్రూపు మొత్తానికి ఒక పోషకుణ్ణి, అంటే పనులు అప్పగించి వెనక నిలిచే సంస్థను, ఎంచుకునే పద్ధతి కూడా ఇందులో చాలా పనికొచ్చేది. పత్రికా, గూఢచారి సంస్థా, విశ్వవిద్యాలయమా అని పాత్రలు తయారుచేసేటప్పుడే తేల్చుకుంటే, నలుగురూ ఎందుకు కలిసున్నారన్న తలనొప్పి తీరిపోతుంది.

తక్కువైంది, ఎబెరాన్ కథలు ఎక్కువగా జరిగే ఖోర్వేర్ ఖండానికి బయటి ఖండాలు. అలాంటి ఒక ఖండమైన జెన్‌డ్రిక్ అడవుల కోసమే కొనేటట్టయితే నిరాశపడతారు, వాటి గురించి దొరికేది కాస్తంతే. అయితే జెన్‌డ్రిక్‌కు వెళ్లే ఓడలు బయల్దేరేది షార్న్ రేవు నుంచే. కాబట్టి నాలుగైదు సెషన్లు షార్న్‌లోనే నడిపి, ఈలోగా అవతలి తీరానికి ఆ పదిగళ్ల మ్యాపు గీసి పెట్టుకోండి.