మూత తీయని వయల్‌లో ఇంజెక్షన్ మందు కలపడం: గాలి లెక్కతో నా అనుభవం

పొడిగా వచ్చే ఇంజెక్షన్ మందు కలపడం చూసేవాళ్లకు నీళ్లు పోసి ఊపినంత తేలిగ్గా కనిపిస్తుంది. పనిలో దిగాక తెలిసేది వేరు. వయల్ (మందు ఉండే చిన్న గాజు సీసా) మూత మనం తీయం. రబ్బరులోంచి సూది గుచ్చి పోస్తాం, అదే దారిన తీస్తాం. ఒక మి.లీ. లోపలికి వెళ్లాలంటే అక్కడున్న గాలి చోటివ్వాలి, ఒక మి.లీ. బయటికి రావాలంటే ఆ చోటు నింపడానికి గాలి ఉండాలి. మందు చిమ్మడం, డోసు తగ్గడం, గ్లవ్స్‌కు చుక్క అంటుకోవడం: వీటిలో ఎక్కువ భాగం ఈ గాలి లెక్క తప్పిన చోటే పుడతాయని నా అనుభవం.

సూది చేతిలోకి తీసుకునే ముందే లేబుల్ చదవడం పూర్తి చేస్తాను. ఏ ద్రవంతో కలపాలి, ఎంత పోయాలి, కలిపాక మి.లీ.కి ఎన్ని మి.గ్రా. ఉంటుంది అన్నవి చూస్తాను. ద్రవం మారితే మందే పాడవుతుంది. మామూలు యాంఫోటెరిసిన్-బి 50 మి.గ్రా. వయల్‌ను 10 మి.లీ. స్టెరైల్ (సూక్ష్మజీవులు లేని) వాటర్‌తో కలిపి, ఆ తర్వాత 5 శాతం డెక్స్ట్రోజ్‌లో పలచన చేయాలి. సెలైన్ తగిలితే మందు విరిగి అడుగున దిగుతుంది. ఫెనిటోయిన్ సంగతి దీనికి తిరగబడి ఉంటుంది: డెక్స్ట్రోజ్‌లో స్ఫటికాలు కడుతుంది, కనుక సెలైనే వాడాలి. ఆక్సాలిప్లాటిన్‌కు సెలైన్‌లో ఉండే క్లోరైడ్ పడదు, అందుకే డెక్స్ట్రోజ్. సెఫ్ట్రియాక్సోన్‌ను రింగర్ లాక్టేట్‌తో కలపకూడదు, అందులోని కాల్షియంతో చేరి గడ్డకడుతుంది. బెంజైల్ ఆల్కహాల్ కలిసిన బాక్టీరియోస్టాటిక్ వాటర్ (సూక్ష్మజీవులు పెరగకుండా ఆపే నీరు) అప్పుడే పుట్టిన బిడ్డలకు ప్రాణాంతకం కావచ్చు. అది మామూలు స్టెరైల్ వాటర్ పక్కన ఒకే ట్రేలో ఉండకూడదని నేను పట్టుబడతాను.

పొడి కూడా కొంత చోటు తీసుకుంటుంది. సెఫ్ట్రియాక్సోన్ 1 గ్రాము వయల్‌లో నరంలోకి ఇవ్వడానికి 9.6 మి.లీ. పోస్తే మొత్తం 10 మి.లీ. అయ్యి, మి.లీ.కి 100 మి.గ్రా. వస్తుంది. పది పోసి, సగం డోసని 5 మి.లీ. తీస్తే 500 బదులు దాదాపు 480 మి.గ్రా. మాత్రమే చేతికొస్తుంది. వయల్ మొత్తం ఒకరికే ఇస్తే దీంతో నష్టం లేదు. వయల్‌లో కొంత భాగమే తీసే పసిపిల్లల డోసుల్లో మాత్రం దీన్ని పట్టించుకోకుండా కుదరదు.

పైనున్న ప్లాస్టిక్ టోపీ ఊడదీశాక కనిపించే రబ్బరు శుభ్రంగానే ఉంటుంది కానీ స్టెరైల్ కాదు. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ స్వాబ్‌తో గట్టిగా రుద్ది తుడుస్తాను, పూర్తిగా ఆరనిస్తాను. 70 శాతమే ఎందుకంటే సూక్ష్మజీవి ప్రొటీన్లు విరగడానికి కొంత నీరు కావాలి, పైగా అసలు నీరులేని ఆల్కహాల్ పని చేయకముందే ఎగిరిపోతుంది. తడి మీదే గుచ్చితే సూదితో పాటు ఆల్కహాల్ కూడా వయల్‌లోకి దిగుతుంది.

ఈ పనంతా వడగట్టిన గాలి వీచే పెట్టె లాంటి క్యాబినెట్‌లో చేస్తాం. దాని అంచు నుంచి కనీసం 15 సెం.మీ. లోపల పని చేయాలి. హెపా ఫిల్టర్ నుంచి నేరుగా వచ్చే గాలి మొదట రబ్బరు మూతకే తగలాలి, మన చేతికి కాదు. గాలి ఎదురుగా వచ్చే క్యాబినెట్‌లో మూతకు వెనక చేయి పెట్టకూడదు, పైనుంచి దిగే క్యాబినెట్‌లో మూత మీదుగా చేయి పోనివ్వకూడదు. గాలి మన వైపు వీచే క్యాబినెట్‌లో కీమో (క్యాన్సర్) మందులు ఎప్పుడూ కలపకూడదు, మందు ఆవిరి నేరుగా ముఖానికి కొడుతుంది.

సూదిని నిట్టనిలువుగా ఒక్కపోటున దింపితే దాని గుండ్రటి అంచు రబ్బరును చిన్న బిళ్లలా కోసేస్తుంది. ఆ ముక్క మందులో తేలుతుంది, ఒక్కోసారి సూదిలోనే ఇరుక్కుంటుంది. అందుకే మొనలోని ఏటవాలు కోత పైకి ఉండేలా 45 డిగ్రీల వాలులో మొన ఆనించి, లోపలికి నొక్కుతూ నెమ్మదిగా 90 డిగ్రీలకు నిలబెడతాను. గేజ్ సంఖ్య పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, కనుక 18 గేజ్ కంటే 21 గేజ్ సూది రబ్బరును తక్కువ తెంపుతుంది. చిక్కటి మందుకు లావు సూది తప్పదనుకోండి. ఒకే రంధ్రం దగ్గర మళ్లీ మళ్లీ గుచ్చితే రబ్బరు చిరిగి కారుతుంది.

ఇక గాలి సంగతి. వయల్‌లో 12 మి.లీ. ఖాళీ ఉందనుకుందాం. గాలి తీయకుండా 5 మి.లీ. నీళ్లు ఎక్కిస్తే ఆ గాలి 7 మి.లీ. చోటులో ఇరుక్కుంటుంది, పీడనం బయటి గాలికి సుమారు 1.7 రెట్లవుతుంది. అప్పుడు సూది లాగితే రంధ్రంలోంచి సన్నటి తుంపర లేస్తుంది. అది కంటికి ఆనకపోవచ్చు, అయినా ఊపిరితో లోపలికి పోతుంది.

దీనికి నేను పాటించే పద్ధతి ఇది. వయల్ కింద, సిరంజి పైన ఉంచుతాను. ఒక మి.లీ. నీళ్లు తోసి, ప్లంజర్ (సిరంజిలో తోసే కాడ) కొంచెం వెనక్కి లాగి అంతే గాలి తీసుకుంటాను, మళ్లీ తోస్తాను. వచ్చిన గాలి సిరంజిలో పైకి తేలుతుంది, సూది దగ్గర నీళ్లే ఉంటాయి కనుక ఈసారీ నీళ్లే దిగుతాయి. మందు తీసేటప్పుడు వయల్‌ను తలకిందులు చేస్తాను. ఇప్పుడు సిరంజి కింద ఉంటుంది, అందులోని గాలి సూది దగ్గరకు చేరుతుంది. కొంచెం మందు లాగి, కొంచెం గాలి ఇచ్చి, మళ్లీ లాగుతాను. గాలి ఇవ్వకుండా బలవంతంగా లాగితే లోపల శూన్యం పెరిగి ప్లంజర్ తిరిగి లోపలికి జారుతుంది, బుడగలు వస్తాయి, కొలత తప్పుతుంది.

కొన్ని వయళ్లు కంపెనీ నుంచే శూన్యంతో వస్తాయి. వాటిలోకి నీళ్లు తమంతట తామే లాక్కుంటాయి. అలా లాక్కోకపోతే సీలు పోయి ఉండొచ్చు, అలాంటి వయల్ వాడవద్దని లేబుల్‌లోనే రాసిన మందులున్నాయి. సెఫ్టాజిడిమ్ మరో రకం. సోడియం కార్బొనేట్ ఉన్న పొడికి నీరు తగలగానే కార్బన్ డయాక్సైడ్ పొంగి పీడనం పెరుగుతుంది. కరిగాక వయల్ నిటారుగా ఉంచి, సూది మొన ద్రవానికి పైన ఉండేలా గుచ్చి ఆ వాయువును వదిలాకే మందు తీయాలి. సిరంజిలో మిగిలిన బుడగలు కూడా పోవాలి, లేకపోతే కొలత తగ్గుతుంది.

కీమో మందుల దగ్గర లోపలి పీడనం బయటికంటే కాస్త తక్కువే ఉండేలా చూసుకుంటాను. తీయాల్సిన మందులో ముప్పాతిక వంతుకు మించి గాలి ఇవ్వను. సిరంజి లూయర్ లాక్‌దే (సూదిని తిప్పి బిగించే రకమే) కావాలి, దాన్నీ ముప్పాతిక దాటి నింపను, ఎందుకంటే నిండు సిరంజిలో ప్లంజర్ ఊడివచ్చే ప్రమాదం ఉంది. సూది తీసే ముందు వయల్‌ను నిటారుగా తిప్పి, మొనను గాలిలోకి తెచ్చి, కొద్దిగా గాలి వెనక్కి లాగుతాను. సూదిలోని మందు సిరంజిలోకి వచ్చేస్తుంది, బయటికి తీసేటప్పుడు చుక్క వేలాడదు.

మందు బయటికి పొక్కకుండా కలపడానికి చేసిన క్లోజ్డ్ సిస్టమ్ పరికరాలతో ఈ కష్టం చాలా తగ్గుతుంది. కొన్నింటిలో వయల్‌కు తగిలించే భాగానికి చిన్న బెలూన్ లాంటి సంచి ఉంటుంది. నీళ్లు పోస్తే గాలి అందులోకి పోతుంది, మందు తీస్తే తిరిగి వస్తుంది. కొన్ని మాత్రం గాలిని వడగట్టి బయటికి వదిలేస్తాయి. ఆవిరయ్యే మందులకు మొదటి రకాన్నే నమ్ముతాను. ఏ రకమైనా క్యాబినెట్‌కు తోడే, దానికి బదులు కాదు. ప్లాస్టిక్ ఆ మందుకు పడుతుందో లేదో కూడా చూడాలి: డైమిథైల్ ఎసిటమైడ్ ఉన్న బెండామస్టిన్ ద్రావణం పాలికార్బొనేట్, ఏబీఎస్ అనే ప్లాస్టిక్ భాగాలను కరిగిస్తుందని 2015లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. బుసల్ఫాన్‌కూ పాలికార్బొనేట్ సిరంజి పనికిరాదు.

కరిగించడంలో తొందర వద్దు. యాంటీబయాటిక్‌ను గట్టిగా ఊపొచ్చు. ట్రాస్టుజుమాబ్ లాంటి ప్రొటీన్ మందును ఊపితే నురగ కట్టి, ప్రొటీన్ దెబ్బతింటుంది. నీటిధారను నేరుగా పొడి మీద కొట్టకుండా గాజు గోడ వెంట జారనిచ్చి, వయల్‌ను వేళ్ల మధ్య మెల్లగా తిప్పి, నురగ అణగేదాకా కదపకుండా ఉంచుతాను.

డ్రిప్ బ్యాగ్‌లోకి మందు ఎక్కించేటప్పుడు దాన్ని స్టాండుకు వేలాడదీయకూడదు. పొటాషియం క్లోరైడ్ నీటికంటే బరువు. వేలాడే బ్యాగ్‌లో పోస్తే కింద పోర్టు (బ్యాగ్ మూతి) దగ్గరే పేరుకుని, రోగికి మొదట అదే చిక్కగా వెళ్తుంది. గుండె ఆగేంత ప్రమాదం అది. బల్ల మీద పడుకోబెట్టి, సూదిని పోర్టులో నిటారుగా దింపి, మందు ఎక్కించాక కనీసం 10 సార్లు తలకిందులు చేసి కలుపుతాను. సూది పక్కకు వాలితే బ్యాగ్ గోడకు చిల్లు పడుతుంది, అందుకే చివర గట్టిగా నొక్కి కారుతోందేమో చూస్తాను.

వయల్‌ను నేరుగా బ్యాగ్‌కే బిగించే రకంలో అసలు తప్పు ఇంకోచోట జరుగుతుంది. లోపలి సీలు విరవకుండా బ్యాగ్ తగిలిస్తే రోగికి ఉత్త సెలైన్ వెళ్తుంది, పొడి అలాగే ఉంటుంది. పైకి చూస్తే అంతా సరిగ్గానే కనిపిస్తుంది. సీలు విరిచి, బ్యాగ్ పిండి ద్రవాన్ని వయల్‌లోకి పంపి, మళ్లీ కిందికి దించి, వయల్ ఖాళీ అయ్యేదాకా ఇలా చేయాలి. బ్యాగ్ తగిలించాకా, ఎక్కడం అయిపోయాకా ఆ వయల్‌లో పొడి మిగిలిందేమో చూడమని నర్సులకు చెబుతుంటాను.

పూర్తయిన ప్రతిదాన్నీ నల్లటి, తెల్లటి వెనుకభాగాల ముందు పట్టి చూస్తాను. తెల్లటి స్ఫటికాలు నలుపు మీద, రబ్బరు ముక్కలు తెలుపు మీద దొరుకుతాయి. లేబుల్ మీద రోగి పేరు, మందు, మొత్తం మి.గ్రా., కలిపిన ద్రవం, కలిపిన గంట, ఏ గంటకల్లా వాడాలి, ఎక్కడ నిల్వ ఉంచాలి అన్నవన్నీ రాసి అతికించాకే తర్వాతి వయల్ ముట్టుకుంటాను. స్టెరైల్ మందులు కలపడంపై అమెరికా ప్రమాణమైన యూఎస్‌పీ 797 ప్రకారం ఐఎస్‌ఓ 5 గాలిలో (క్యాబినెట్ లోపలి అతి శుభ్రమైన గాలిలో) గుచ్చిన సింగిల్ డోస్ వయల్‌ను 12 గంటల దాకా, మల్టీడోస్ వయల్‌ను 28 రోజుల దాకా ఉంచవచ్చు. మందు లేబుల్ అంతకంటే తక్కువ గడువు చెబితే దాన్నే పాటిస్తాను.