గిల్డ్‌లో దొరికే మనుషులు

ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ గేముల్లో స్నేహాలు ఉత్తుత్తివే అనేవాళ్లతో నాకు అస్సలు పడదు. 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చిన కొత్తలో పెద్ద రెయిడ్‌కి, అంటే బలమైన శత్రువు మీద గుంపుగా చేసే దాడికి, 40 మంది దాకా కలిసి ఆడేవాళ్లు, దెబ్బలు కాచుకునేది ఒకరైతే వాళ్ల ప్రాణం నిలబెట్టే హీలర్ ఇంకొకరు, ఒక్కరు ఏమరినా అందరూ పోయి మళ్లీ మొదలుపెట్టాలి, ఆ గ్యాప్‌లోనే అసలు కబుర్లు: ఎవరికి పరీక్షల టెన్షన్, ఎవరికి నిద్ర పట్టట్లేదు. నార్వేలో ఇదే గేమ్ ఆడుతూ గడిపి, కండరాల జబ్బుతో 2014లో 25 ఏళ్లకే చనిపోయిన మాట్స్ స్టీన్‌ది ఒంటరి బతుకని తల్లిదండ్రులు అనుకున్నారు. తీరా అతని బ్లాగులో చావు కబురు పెట్టాక గిల్డ్ (గేమ్‌లో ఎప్పుడూ కలిసి ఆడే జట్టు) వాళ్ల ఈమెయిళ్లు వరస కట్టాయి, కొందరు అంత్యక్రియలకూ వచ్చారు. కొత్తగా చేరుతుంటే చిన్న గిల్డ్ చూసుకోండి, మొహమాటపడకుండా చాట్‌లో పలకరించండి. నాలుగు రోజులు కనిపించకపోతే "ఏమైపోయావ్?" అని అడిగేది అక్కడే.