కాలువ పారితేనే కలంకారీ

కలంకారీ చీర కొనేటప్పుడు అందరూ అడిగేది ఒకటే, రంగు పోతుందా అని. నన్నడిగితే అంతకంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది, ఈ ఏడు కాలువకి నీళ్లు ఎప్పటిదాకా వదిలారు అని. షాపులో కుర్రాడు మిమ్మల్ని వింతగా చూస్తాడు, అది వేరే సంగతి. పెడనలో అచ్చులేసే వాళ్లని అడిగి చూడండి, వాళ్లు మాత్రం కూర్చోబెట్టి మరీ చెప్తారు.

మా పిన్ని వాళ్లది పెడన. బందరుకి ఓ పది కిలోమీటర్లు ఉంటుందేమో. చిన్నప్పుడు సెలవులన్నీ అక్కడే గడిచాయి కాబట్టి నానబెట్టిన కరక్కాయ వాసన, పేడనీళ్ల వాసన, రాగి కాగులో ఉడికే వేళ్ల వాసన కలిసి వచ్చే ఆ గాలి నాకు కొత్త కాదు. హైదరాబాద్ ఎగ్జిబిషన్లలో ఏసీ హాల్లో, మంచి సెంటు వాసన మధ్య అదే గుడ్డని చూస్తే ఎవరో బంధువుని సూటూ బూటూలో చూసినట్టుంటుంది. బాగానే ఉంటుంది, గుర్తుపట్టడానికి కాస్త టైం పడుతుంది అంతే.

చాలామంది కాళహస్తి కలంకారీని, మన బందరు కలంకారీని ఒకే గాటన కట్టేస్తారు. కాళహస్తి వాళ్లది కలం పని, వెదురు పుల్లతో గీస్తారు, దేవుళ్లు, రామాయణం, భారతం. మనది అచ్చు పని, టేకు చెక్క మీద చెక్కిన అచ్చులు, వాటితో పువ్వులు, తీగలు, సరుగు చెట్లలా నిటారుగా నిలబడే ఆ పారశీక చెట్లు, మసీదు కమానుల్లాంటి అంచులు. గోల్కొండ సుల్తానులకి సముద్రం మీద ద్వారం బందరే కదా, పర్షియా వర్తకులు వచ్చి వాళ్ల ఇష్టానికి తగ్గట్టు వేయించుకునేవాళ్లు, ఆ ఇష్టం ఇప్పటికీ అచ్చుల్లో ఉండిపోయింది. అయితే రెండు చోట్లా ఒకటి మాత్రం సమానం. వాళ్లకి స్వర్ణముఖి, మనకి కృష్ణ కాలువ. నీళ్లు లేకపోతే రెండూ లేవు.

ఎందుకో చెప్తాను, ఇది కొంచెం పెద్ద కథ.

ముందు గాడా గుడ్డ తెస్తారు, అంటే చలవ చేయని ముతక నూలు గుడ్డ. దాన్ని పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండేసి తెల్లబరుస్తారు. తర్వాత కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలు ఎందుకంటే అందులో వెన్న ఉంటుంది, అది ఉండబట్టే అచ్చు వేసినప్పుడు రంగు పక్కకి పాకకుండా గీత గీతలా నిలబడుతుంది. ఆ తర్వాత నలుపు. ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రోజుల తరబడి పులియబెడితే వచ్చే ద్రావణం అది, చూడ్డానికి అంత నల్లగా కూడా ఉండదు, కానీ కరక్కాయ పట్టిన గుడ్డ మీద అచ్చు పడగానే కళ్లముందే నల్లబడుతుంది. చిన్నప్పుడు అదో మ్యాజిక్. కరక్కాయలో ఉన్న వగరుకి ఇనుము తగిలితే నలుపొస్తుందని తర్వాత ఎప్పుడో కెమిస్ట్రీ క్లాసులో తెలిసింది, అప్పటికి మ్యాజిక్ పోయింది గానీ గౌరవం పెరిగింది.

ఎరుపు ఇంకా విచిత్రం. ఎరుపు రావాల్సిన చోట ఎర్ర రంగు అద్దరు, పటిక నీళ్లు అద్దుతారు. కొన్ని రోజులు ఆరనిచ్చి కాలువకి తీసుకెళ్లి ఉతుకుతారు, ఆ తర్వాత మంజిష్ఠలాంటి వేళ్లు వేసి రాగి కాగులో ఉడికిస్తే పటిక ఎక్కడుందో అక్కడే ఎరుపు పట్టుకుంటుంది. అసలు కిటుకంతా ఆ మధ్యలో కాలువలో ఉతకడం దగ్గరే ఉంది.

పిన్ని వాళ్ల వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, అచ్చుల పనిలోనే వయసంతా గడిచింది, మేమంతా బాబాయ్ గారనే పిలుస్తాం. ఆయన్ని అడిగాను, “కాలువ దాకా మోసుకెళ్లడం ఎందుకు బాబాయ్ గారూ, ఇంట్లో తొట్టి కట్టించుకోవచ్చుగా?” అని. “తొట్టిలో ఉతికితే వదిలిన పటిక ఎక్కడికి పోద్దమ్మా? తిరిగి దాని మీదే కూర్చుంటుంది. కాగులో వేశాక తెల్లగా ఉండాల్సిన చోటంతా ఎర్రమచ్చలు. పారే నీళ్లయితే మనం వదిలింది మన దగ్గర ఉండదు” అన్నారు.

అంటే మోకాలి లోతు పారే నీళ్లలో నిలబడి, గుడ్డని నీటివాలుకి పరిచి, ఎక్కువైన పటికని కాలువకి అప్పజెప్పడం అన్నమాట. మళ్లీ ఉడికించాక ఒకసారి, తెలుపు తేలడానికి ఇంకోసారి, గంజీ పాలూ పెట్టి పసుపూ నీలం వేశాక మరోసారి. ఒక చీర ఎన్ని సార్లు కాలువలో దిగుతుందో లెక్క చెప్పమంటే వాళ్లే నవ్వుతారు.

ఇప్పుడు చూడండి. డెల్టా కాలువలు ఎండాకాలంలో కట్టేస్తారు. ఎండలు బ్రహ్మాండంగా ఉన్నప్పుడు నీళ్లు ఉండవు, నీళ్లు నిండుగా ఉన్న వానాకాలంలో ఎండ ఉండదు, గుడ్డ ఆరదు. రెండూ కలిసొచ్చేది వానలు వెనకబట్టాక, కాలువ కట్టేసే లోపు. ఆ కొద్ది నెలల్లోనే అసలు పని. ఏడాదంతా ఒకే రేటుకి, ఆర్డరిచ్చిన వారానికే ‘అచ్చమైన చేతి కలంకారీ’ పంపిస్తామని ఆన్‌లైన్‌లో ఎవరైనా చెప్తే నేనైతే నమ్మను.

వేళ్ల సంగతికొస్తే, పాతరోజుల్లో మంజిష్ఠ కాదు, చిరివేరు వాడేవాళ్లు. సముద్రం పక్క ఇసక నేలల్లో పెరిగే చిన్న మొక్క, దాని వేళ్లలో ఎరుపు. నిజాంపట్నం వైపు తీరంలో పెరిగిన చిరివేరుకి అప్పట్లో పెద్ద పేరు, ఇంగ్లిషు వాళ్లూ డచ్చి వాళ్లూ కూడా ప్రత్యేకంగా రాసుకున్నారు. నత్తగుల్లలు కలిసిన నేల వల్లే ఆ ఎరుపుకి అంత నిగారింపని చెప్తారు, సున్నం తగిలితే ఈ ఎరుపు గట్టిపడుతుందన్న మాట నిజమే కాబట్టి అది నమ్మదగ్గదే. 1869 ప్రాంతంలో యూరప్‌లో ఇదే ఎరుపుని బొగ్గు తారు నుంచి తయారు చేయడం మొదలుపెట్టారు. ఆ దెబ్బకి చిరివేరు తవ్వేవాళ్లకి పని పోయింది. ఒక ఎరుపు కోసం ఇసక, గుల్ల, వేరు, కాలువ, ఎండ అన్నీ కలవాల్సిన చోట ఒక డబ్బా వచ్చి కూర్చుంది.

దానికి ముందే యూరప్ వాళ్లు మన గుడ్డ చూసి భయపడ్డారన్నది కూడా గుర్తుంచుకోవాలి. 1600ల మొదట్లోనే డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లిషువాళ్లు, 1669లో ఫ్రెంచివాళ్లు బందరులో దిగింది ఇలాంటి రంగు గుడ్డల కోసమే. అక్కడి నేతగాళ్లు గోలపెడితే ఫ్రాన్సు 1686లో ఇలాంటి గుడ్డల్ని నిషేధించింది, ఇంగ్లండ్ 1721లో వాడకూడదని చట్టమే చేసింది. కాలువ గట్టున పేడలో నానిన గుడ్డ చూసి రాజ్యాలు చట్టాలు చేసుకోవడం! నాకైతే ఇది తలచుకున్నప్పుడల్లా కాస్త గర్వంగానే ఉంటుంది, దాచుకోను.

అంత ఊరు ఎందుకు చిన్నబోయింది అంటే చరిత్ర పుస్తకాలు చాలా కారణాలు చెప్తాయి. బందరు వాళ్లు ఒకటే చెప్తారు, ఉప్పెన. 1864 నవంబరులో సముద్రం ఊళ్లోకొచ్చింది, ముప్పై వేల మంది దాకా పోయారు. దానికి తోడు రేవు ఎప్పుడూ లోతు తక్కువే, పెద్ద ఓడలు ఒడ్డుకి మైళ్ల దూరంలో ఆగితే చిన్న పడవల్లో సరుకు మోసేవాళ్లు. మళ్లీ 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన. ఆ తేదీ మా వైపు పెద్దవాళ్లెవరినీ అడగక్కర్లేదు, నవంబరులో గాలి కాస్త ఎక్కువైతే వాళ్లే ఎత్తుకుంటారు.

కృష్ణ సముద్రంలో కలిసే చోట మడ అడవులున్నాయి. నాగాయలంక దాటి పడవెక్కితే బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్లు, పీతలు, కొంగలు కనిపిస్తాయి. బావురుపిల్లి కూడా ఉంటుంది, నీళ్లలో దిగి చేపలు పట్టే పిల్లి, నేనింతవరకూ దాని పాదముద్రలు కూడా చూడలేదు గానీ ఉందని మాత్రం అక్కడి వాళ్లు ధీమాగా చెప్తారు. ఉప్పెన వేగాన్ని ఈ అడవి కొంత మింగుతుందని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు, ఒప్పుకున్నంత వేగంగా రొయ్యల చెరువులు తవ్వడం మాత్రం ఆపలేదు.

బందరు వైపు సంవత్సరమంతా నీళ్ల లెక్కలోనే నడుస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, గిలకలదిండిలో బోట్లన్నీ కట్టేసి వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. దాదాపు అదే టైంలో పెడనలో కాలువ ఎండి అచ్చుల పనీ మందగిస్తుంది. కార్తీక పౌర్ణమికి చిలకలపూడి పాండురంగడి దర్శనం, మంగినపూడిలో సముద్ర స్నానం, ఆ రోజు రోడ్డు మీద ఇసకేస్తే రాలదు. మంగినపూడి బీచ్ అందంగా ఉంటుందని మాత్రం నేను చెప్పను. నల్లమట్టి బీచ్, కాలు పెడితే దిగబడుతుంది, ఫొటోలు బాగా రావు. కానీ తెల్లారగట్ల చలిలో ముసలమ్మలు ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకుని వరసగా అలల్లోకి దిగుతూ గోవిందా అని అరుస్తుంటే ఫొటో సంగతి ఎవరికి గుర్తుంటుంది.

దసరాకి శక్తిపటాలు. బయటి వాళ్లకి ఇది పెద్దగా తెలీదు. అమ్మవారి బొమ్మ ఉన్న పెద్ద పటాన్ని వీపున కట్టుకుని, డప్పుల మోతకి అడుగులేస్తూ వీధివీధికీ తిరుగుతారు. ఆ పటం బరువు, ఆ గాలి, ఆ అడుగు, మోసేవాడికి ఏడాదంతా ప్రాక్టీస్ లేకపోతే కుదరదు. ఈడేపల్లి శక్తి గుడి దగ్గర నిలబడితే డప్పు గుండెలో వినిపిస్తుంది. కళ అంటే గ్యాలరీలో గోడకి తగిలించేదే అనుకునే వాళ్లని ఒక్కసారి అక్కడికి తీసుకెళ్లాలి.

మళ్లీ కాలువ దగ్గరికొస్తా. బెజవాడ ఊరంతా వదిలే మురుగు కలుపుకుని బందరు కాలువ కిందికొస్తుందన్నది ఎవరికీ కొత్త వార్త కాదు. పెడనలోనూ ఇప్పుడు స్క్రీన్ ప్రింటింగ్ ఎక్కువ, కెమికల్ రంగులు, అదే డిజైను, పావు ధర. వాళ్లని తిట్టడం నాకిష్టం లేదు, ఒకప్పుడు అచ్చులేసిన ఇళ్ల పిల్లలే వాళ్లలో చాలామంది, అచ్చుల కూలితో స్కూల్ ఫీజులు కట్టలేక అటు మళ్లారు. కానీ ఆ రంగునీళ్లు వెళ్లేదీ ఇవే కాలువల్లోకి, డ్రెయిన్లలోకి. పైన మురుగు, కింద కెమికల్, మధ్యలో నిలబడి బాబాయ్ గారి లాంటి వాళ్లు పటిక వదిలించుకోవాలి. మురికి నీళ్లలో ఉతికితే ఎరుపు మట్టిరంగులోకి తిరుగుతుంది, ఆ చీర షాపు వాడు వెనక్కి పంపిస్తాడు, నష్టం ఎవరిదో చెప్పక్కర్లేదు.

కలంకారీని కాపాడాలని మీటింగులు జరుగుతాయి. బ్రాండింగ్ అంటారు, డిజైనర్ అంటారు, ఈ-కామర్స్ అంటారు. నీళ్ల గురించి ఒక్క మాట వినపడితే ఒట్టు. ఇప్పుడు బందరులో పోర్టు కూడా కడుతున్నారు, ఓడలు మళ్లీ వస్తాయని ఊరంతా ఆశగా ఉంది, నాకూ ఉంది. ఆ ఓడల్లో ఇక్కడి గుడ్డ ఎక్కాలంటే ముందు అది సరిగ్గా తయారవ్వాలి కదా. శుభ్రమైన నీళ్లు పారే, అందరూ గుడ్డలుతుక్కునే ఒక ఉమ్మడి రేవు, ఉతికిన నీళ్లని శుద్ధి చేసి వదిలే ఏర్పాటు, ఎండాకాలంలో కూడా కొద్దిగానైనా పారుదల. ఇది రాకెట్ సైన్స్ కాదు.

కొనాలనుకునేవాళ్లకి నాకు తెలిసిన గుర్తులు చెప్తాను. అచ్చు పనిలో ఒక అచ్చు, ఇంకో అచ్చు కలిసే చోట వెంట్రుకవాసి తేడా ఉంటుంది, గీత అక్కడక్కడా కాస్త మందంగా పడుతుంది. అన్నీ గీటు పెట్టినట్టు సమానంగా ఉంటే అది స్క్రీన్. గుడ్డ తిరగేసి చూడండి, వేరు రంగు వెనక్కి కూడా బాగా దిగుతుంది. ధర ఎక్కువుంటే బేరం ఆడండి, అది మన హక్కు, కానీ మీటరుకి ఎన్ని రోజుల పనో ఒకసారి తలుచుకుని ఆడండి. పెడన వెళ్లి చూడాలంటే సంక్రాంతి ముందు వెనకలు మంచి టైం. వచ్చేటప్పుడు బందరులో తొక్కుడు లడ్డు తెచ్చుకోవడం మర్చిపోకండి, 2017లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సరుకేనన్న గుర్తింపు కూడా వచ్చింది, పేరు పెట్టుకుని ఎక్కడపడితే అక్కడ అమ్మే దాని జోలికి పోకండి.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఈ ఉమ్మడి రేవు ఐడియా బాబాయ్ గారికి చాలా ఉత్సాహంగా వివరించాను, శుద్ధి ప్లాంటు, పైపులు, సోలార్ మోటారు అన్నీ. ఆయన ఓపిగ్గా విని, కాలువ వైపు చెయ్యి చూపించి, “ముందు ఆ గుర్రపుడెక్క తీయించమనమ్మా, మిగతాది తర్వాత చూద్దాం” అన్నారు.