హవల్దారు మావయ్యకి నచ్చని సినిమా

ఆర్మీలో పనిచేసిన మా హవల్దారు మావయ్యకి సినిమా నచ్చలేదు. అది ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే రాత్రి పదకొండు దాటినా నా బుర్రలో తిరుగుతున్నవి ఆయన మాటలే.

పొద్దున్నుంచీ మామూలు ఆదివారమే. రైతుబజారు, చేపల పులుసు, దిద్దాల్సిన ఎనిమిదో తరగతి పేపర్లు. మధ్యాహ్నం బస్సుకి ఉద్దానం నుంచి మా అప్ప, దాని కొడుకు దిగారు. వాణ్ని ఇక్కడ శ్రీకాకుళంలో ఆర్మీ కోచింగులో చేర్చాలట. సాయంత్రం మేడ మీద సినిమా ఉందని ముందే చెప్పి ఉంచాను కాబట్టి ఇరుగుపొరుగు వాళ్లు చాపలు పట్టుకుని వచ్చేశారు. గోడకి తెల్ల దుప్పటి, అడిగి తెచ్చుకున్న ప్రొజెక్టరు. సినిమా మైకేల్ మూర్ తీసిన 'ఫారన్‌హీట్ 9/11', అమెరికా అధ్యక్షుడు బుష్‌నీ, ఆయన ఇరాక్ మీద చేసిన యుద్ధాన్నీ ప్రశ్నించే డాక్యుమెంటరీ. 2004లో కాన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి పామ్ డోర్ గెలిచింది. ఇంగ్లీషు కాబట్టి మధ్యమధ్యలో ఆపుతూ నేను తెలుగులో చెప్పాను.

మొదట్లో ఎవరికీ పట్టలేదు. బుష్ ఎన్నిక గొడవ, సౌదీ వాళ్లతో వ్యాపారాలు, ఆ పేర్లన్నీ గుర్తుపెట్టుకోవడం నాకే కష్టం. పిల్లలు ఫోన్లు తీశారు. జంట భవనాల మీద దాడి దగ్గర తెర మొత్తం నల్లగా అయిపోయి ఒట్టి శబ్దాలే వస్తాయి. ప్రొజెక్టరు ఆగిపోయిందనుకుని ఎదురింటి అబ్బాయి సరిచేద్దామని లేచాడు. అరుపులు వినబడేసరికి అలాగే నిలబడిపోయాడు.

ఫ్లింట్ వచ్చాక మాత్రం అందరూ ముందుకు జరిగారు. మిషిగన్ రాష్ట్రంలో కార్ల ఫ్యాక్టరీలు మూతపడి పనుల్లేకుండా పోయిన ఊరు అది. సైన్యంలోకి మనుషుల్ని చేర్చుకునేవాళ్లు షాపింగ్ మాల్ బయట తిరుగుతూ కుర్రాళ్లని పలకరిస్తుంటారు. ఆ ఊళ్లో ఓ తల్లి. రోజూ ఇంటిముందు జెండా కట్టే మనిషి. చదివించడానికి డబ్బుల్లేని ఇళ్ల పిల్లలకి సైన్యం మంచి దారి అని తన పిల్లలకి తానే చెప్పుకుంది. 2003 ఏప్రిల్లో ఆమె కొడుకు ఇరాక్‌లో హెలికాప్టరు కూలి చనిపోయాడు. వాడి ఆఖరి ఉత్తరం ఆమె చదువుతుంటే నేను తెలుగు చెప్పడం మానేశాను. చెప్పమని ఎవరూ అడగలేదు.

"మనూరి నాగే ఉందే ఆ ఊరు" అంది మా అప్ప.

అవును. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వాళ్ల కొబ్బరి చెట్లనీ జీడి తోటనీ పడగొట్టేసింది. కొబ్బరి మొక్క మళ్లీ నాటితే కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది, ఈలోగా ఇల్లు గడవాలి. వాళ్ల వీధిలో పెద్ద కుర్రాళ్లు గల్ఫ్‌లో వెల్డింగ్ పనుల్లో ఉన్నారు, చిన్నవాళ్లు తెల్లారగట్ల రోడ్డు మీద పరుగు ప్రాక్టీసు చేస్తున్నారు. దేశం మీద ప్రేమ లేక కాదు, మావాడికి చిన్నప్పటి నుంచీ యూనిఫారం పిచ్చి. కానీ తోట నిలబడి ఉంటే వాడికి ఇంకో దారి కూడా ఉండేది. ఆ సంగతి వాడికీ తెలుసు.

సినిమా అయ్యాక హవల్దారు మావయ్య లేచాడు. "సద్దాం బాగోతం ఏదమ్మా ఇందులో? బాంబులు పడకముందు ఇరాక్ అంటే పిల్లలు గాలిపటాలెగరేసుకోడమేటి? కుర్దుల మీద విషం వొదిలినాడు కాదా?" నిజమే. 1988లో ఇరాక్‌లోనే కుర్దు జాతి వాళ్లుండే హలబ్జా ఊరి మీద రసాయన బాంబులు వేసి సుమారు 5,000 మందిని చంపించాడు అప్పటి ఇరాక్ పాలకుడు సద్దాం. అది వదిలేసి ఆ గాలిపటాలు చూపించడం ఆ దర్శకుడు చేసిన తప్పేనని నేనూ అనుకుంటున్నాను, అక్కడే అనేశాను కూడా. ట్యాంకుల్లో పాటలు పెట్టుకుని నవ్వుతున్న జవాన్లని చూపించడం కూడా ఆయనకి కష్టమనిపించింది. "అందర్నీ అలగే సూపిస్తే ఎలగ? బయంతో కూడా నవ్వుతారు."

తర్వాత ఆయన చెప్పిందే నన్ను పట్టుకుంది. 2003లో ఆయన సర్వీసులో ఉన్నాడు. ఇరాక్‌కి సైన్యాన్ని పంపమని అమెరికా మన దేశాన్నీ అడిగింది, ఓ డివిజను, సుమారు 17,000 మంది. "యూనిట్లో రోజూ అదే మాటమ్మా. ఎల్తామా, ఎల్లమా. ఆర్డరొస్తే ఎల్లడమే. కానీ ఎవుల కోసం అని ఎవులూ అడక్కుండా ఉంటారేటి మనసులో?" యుద్ధాన్ని నిరసిస్తూ ఆ ఏడాది ఏప్రిల్లో లోక్‌సభ తీర్మానం చేసింది. జూలై 14న వాజపేయి ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి స్పష్టంగా అనుమతిస్తే తప్ప పంపలేమని చెప్పేసింది. ఆయనకి ఆ తేదీ గుర్తులేదు కానీ, కబురు విన్న రాత్రి ఇంటికి ఫోన్ చేసింది మాత్రం గుర్తుంది.

నాకు కోపం ఎక్కడ వస్తుందంటే, 2003 ఫిబ్రవరి 5న భద్రతామండలిలో అమెరికా విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్, ఇరాక్ దగ్గర సామూహిక మారణాయుధాలున్నాయన్న కథ అంత నమ్మకంగా చెప్పాడు. మరుసటి ఏడాది అక్టోబరుకి, వెతకడానికి అమెరికాయే పంపిన బృందం అక్కడ అలాంటి నిల్వలేవీ లేవని నివేదిక ఇచ్చింది. ఈలోగా ఫ్లింట్ ఇంటికి కబురు వెళ్లిపోయింది. ఇరాక్‌లో ఎన్ని ఇళ్లకి వెళ్లిందో. ప్రాణం ఇస్తానని వచ్చినవాడికి నిజమైన కారణం చెప్పని ప్రభుత్వాన్ని నేను క్షమించలేను, అది ఏ దేశానిదైనా.

చివర్లో మూర్ సైన్యంలో చేరే కాగితాలు పట్టుకుని అమెరికా కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, సభ్యుల వెంటపడతాడు, మీ పిల్లల్ని పంపండని. 535 మందిలో ఒక్కరి కొడుకే ఇరాక్‌లో ఉన్నాడట. మొదట అందరూ నవ్వారు. "మరి మనకాడ?" అంది పక్కింటి పిన్ని. ఎవరి దగ్గరా లెక్క లేదు. ఇంత తీసినా ఆ నవంబరులో బుష్ మళ్లీ గెలిచాడని చెబితే మావాడు తెల్లబోయాడు. "అయితే ఎందుకు పిన్నీ తీయడం?" గద్దె మీద ఉన్న అధ్యక్షుణ్ని, జరుగుతున్న యుద్ధాన్ని ప్రశ్నిస్తూ తీసిన సినిమా థియేటర్లలో ఆడింది రా, నాకు అదే పెద్ద విషయం అన్నాను. వాడికి చాలినట్టు లేదు. నాకూ ఇంకా బాగా చెప్పాలనే ఉంది.

ఉద్దానంలో వాళ్ల వీధిలో కూడా వేద్దామంది అప్ప. హవల్దారు మావయ్య వస్తానన్నాడు, ముందు హలబ్జా గురించి తను చెబుతాడట, తర్వాతే సినిమా. సరేనన్నాను. రేపు అయిదింటికి మావాణ్ని గ్రౌండుకి తీసుకెళ్లేదీ ఆయనే. అప్ప ఒక్కటే షరతు పెట్టింది: అగ్నివీర్ కాయితం మీద వాడు సంతకం పెట్టకముందు, నాలుగేళ్లయ్యాక సైన్యంలో ఉంచుకునే పాతిక శాతంలో లేనివాళ్ల సంగతేంటో ఆయన, నేను కూర్చుని తనకి తెలుగులో వరసగా చదివి చెప్పాలి. నోటిఫికేషన్ దించి పెట్టాను. స్కూలుకెళ్లేలోపు ప్రింటు తీయించాలి.